తవిటయ్య కలిపిన పిల్లి చుట్టరికాలు

పిల్లి కనబడితే దాని తల్లి ఏ రంగుదో చెప్పందే తవిటయ్యకి అడుగు ముందుకు పడదు. పిల్లి అడ్డొస్తే అందరూ ఆగుతారు, అపశకునమని. తవిటయ్యా ఆగుతాడు, కాకపోతే దాని వంశం చెప్పడానికి. వినేవాళ్ళున్నారా, బస్సు వెళ్ళిపోతోందా, ఎవరి పెళ్ళైనా చెడిపోతోందా లాంటివి ఆయనకి పట్టవు.

పెళ్ళి మాట ఊరికే అనలేదు. చెడింది ఆయన బావమరిది అర్జునరావుదే.

ఆటోనగర్లో ఇద్దరిదీ ఒకే షెడ్డు. గుద్దుకొచ్చిన కార్ల సొట్టలు తీసేది అర్జునరావు, రంగు కొట్టేది తవిటయ్య. పదేళ్ళు ఎండకి వెలిసిన కారు తలుపుకైనా సరే, నాలుగు చుక్కలు అటూ ఇటూ వేసి, అతుకు తెలియకుండా రంగు కలిపేస్తాడు. అలాంటి మనిషికి ఈ పిచ్చి అంటించింది ఒక లెక్చరరమ్మ. స్కూటర్‌కి వేసిన రంగు ఆరేదాకా కూర్చోవలసొచ్చి, షెడ్డులో తిరిగే పిల్లిని చూపించి, "పిల్లుల్లో అసలు రంగులు రెండే తవిటయ్యగారూ, నలుపూ నారింజా" అంది.

బూడిద రంగంటే నలుపే, రంగుని పల్చన చేసే తిన్నర్ ఎక్కువ పడిన నలుపు. మీగడ రంగంటే తిన్నర్ ఎక్కువైన నారింజ. తెలుపు అసలు రంగే కాదు, కాగితం అంటించి రంగు పడకుండా ఆపిన చోటు. మగపిల్లికి దక్కేది ఒక్క రంగు డబ్బా, అదీ తల్లిచ్చిందే. ఆడపిల్లికి రెండు, తల్లిదొకటి తండ్రిదొకటి. అందుకే నలుపూ నారింజా ఒకే ఒంటిమీద కనబడితే అది ఆడదే, ఎక్కడో వేలల్లో ఒకటి తప్ప. స్కూటర్ ఆరింది, లెక్చరరమ్మ వెళ్ళిపోయింది. తవిటయ్య మాత్రం ఇప్పటిదాకా ఆరలేదు.

అర్జునరావుకి సంబంధం చూడ్డానికి పద్మనాభం అనే ఊరికి బయల్దేరిన రోజు, అందరూ జీపెక్కాక ఒక గండుపిల్లి అడ్డంగా పోయింది. పెద్దవాళ్ళు దిగి మంచినీళ్ళు తాగుదామన్నారు. తవిటయ్య అప్పటికే దిగిపోయాడు.

"బావా, ఏటి సేత్తన్నావ్? ముహూర్తం దాటిపోతాది!"

"ఒక్క నిమిసం ఉండరా. ఇది నారింజ గండు. తల్లిలో నారింజ ఉండాల. ఈ ఈదిలో నారింజ ఆడపిల్లే నేదు. ఎక్కణ్ణుంచి వచ్చినాదో సూసొత్తాను."

గంటన్నరకి తిరిగొచ్చాడు. పిల్లి తల్లి దొరికింది, మూడో వీధిలో, మూడు రంగులది. పెళ్ళికూతురి తండ్రి మాత్రం దొరకలేదు. చూసి చూసి విసిగి పొలానికి పోయాడట. అర్జునరావుకి తరవాత వేరేచోట పెళ్ళయింది, సుఖంగానే ఉన్నాడు. అయినా ఆ గండుపిల్లి గుర్తొస్తే చేతిలో సుత్తి కాస్త గట్టిగానే పడుతుంది.

మరోసారి శ్రీరామ్మూర్తి అనే పెద్దమనిషి కారు ఇవ్వడానికొచ్చి, ఫోన్లో పిల్లి ఫోటో చూపించాడు. "మా రాజుగాడు. ఆ దర్జా చూశావా?"

"మూడు రంగులున్నాయి బాబూ. ఆడది."

"మగాడయ్యా! పెంచుతున్నవాణ్ణి, నాకు తెలీదా?"

"పేరు మీరు పెట్టినారు బాబూ. రంగు మీరు పెట్టనేదు గదా."

ఆయన కోపంగా కారు వెనక్కి తీసుకుపోయాడు. నెలన్నర తరవాత ఫోను చేసి, చాలాసేపు దగ్గి, "తవిటయ్యా, రాజుగాడు నాలుగు పిల్లల్ని పెట్టాడు" అన్నాడు. ఆ మర్నాడే కారు మళ్ళీ షెడ్డుకొచ్చింది.

వీటన్నిటికన్నా అర్జునరావుకి తలవంపులు తెచ్చేది, బావ ఏ ఇంటికెళ్ళినా కూర్చోకుండానే "మీ పిల్లి ఏ రంగమ్మా?" అని మొదలుపెట్టడం. తన ఇంట్లోనే ఏడు పిల్లులున్నాయి. "ఎనిమిదోది గడప తొక్కితే నాను మా అమ్మకాడికి ఎలిపోతాను" అని భార్య గౌరీశ్వరి చెప్పేసింది. అర్జునరావు అక్క ఆవిడ. అన్నంత పనీ చేసే మనిషి.

ఇలా ఉండగా షెడ్డులో తిరిగే నారింజ పిల్లి ఒక పాత వ్యాన్ వెనక సీట్లో పిల్లల్ని పెట్టింది. నలుగురు మగవాళ్ళు, అందరూ నారింజ. ఒక్కతే ఆడపిల్ల, మూడు రంగులది. రెండు నెలలు గడిచాక వ్యాన్ ఓనరు, శనివారం బండి తీసుకుపోతానన్నాడు. షెడ్డు ముందే లారీల రోడ్డు. పోయినసారి పిల్లల్లో ఒకటి చక్రం కింద పడితే తవిటయ్య మూడు రోజులు రంగు ముట్టుకోలేదు. అందుకని శనివారం పొద్దున్నే అయిదింటినీ టమాటాల బుట్టలో పెట్టుకుని, అర్జునరావు బండి వెనక ఎక్కాడు. చీకటి పడేలోగా అయిదిళ్ళు కావాలి.

మొదట గోపాలపట్నంలో టిఫిన్ కొట్టు నడిపే ధనలక్ష్మి ఇల్లు.

"మీ నల్లోడు ఏడమ్మా?"

"గోడమీద తొంగున్నాడు. ఏటి?"

తవిటయ్య బుట్టలోంచి ఒక పిల్లని తీశాడు. "ఇది ఆడి కొడుకు కాదని, రంగు సూసి ఏ డాక్టరూ సెప్పనేడు."

"నారింజగా ఉన్నాది గదా!"

"మగపిల్లకి తల్లి రంగే వత్తాది. తండ్రి రంగుతో పని నేదు. సైన్సమ్మా ఇది."

ధనలక్ష్మి గోడవైపు తిరిగింది. "ఆటోనగర్ దాకా ఎప్పుడెల్లినావురా దొంగసచ్చినోడా!" అని తిట్టి, లోపలికెళ్ళి పాలగిన్నె తెచ్చింది.

రెండో ఇంట్లో బూడిద పిల్లి తండ్రయింది. మూడో ఇంట్లో చారల పిల్లి. నాలుగో ఇంట్లో మళ్ళీ ఒక నల్లోడు, ఒంటికన్నువాడు. అందరికీ అదే సైన్సు. అర్జునరావు బండి పక్కకి ఆపాడు.

"బావా, మగపిల్ల రంగు సూసి తండ్రెవరో సెప్పనేం గదా?"

"సెప్పనేం."

"మరి నలుగురు తండ్రుల్ని ఎలా తేల్చినావ్?"

"నాను తేల్చనేదు. కాదనడానికి రుజువు నేదన్నాను. అది నిజమే గదా?"

అర్జునరావు బండి దిగి బావకేసి తిరిగాడు. ఇన్నేళ్ళూ ఇంటింటా "మీ పిల్లి ఏ రంగు" అని అడిగింది ఇందుకా! ఎవరు పిల్లికి పాలు పోస్తారు, ఎవరు చీపురు తీస్తారు అని చూసుకుంటున్నాడన్నమాట. తను సిగ్గుపడి వీధిలోనే నిలబడిన ఇళ్ళన్నీ గుర్తొచ్చి, బావ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఇక మిగిలింది మూడు రంగుల ఆడపిల్ల. దానికని ముందే అనుకున్న నల్లపిల్లి వాళ్ళిల్లు తాళం వేసుంది, ఊరెళ్ళారట. సాయంత్రం అవుతోంది. తెలిసిన ఇల్లు ఇంకొక్కటే, పాతబస్తీలో బట్టలు కుట్టే షరీఫున్నీసాది. పిల్లిని ప్రాణంగా చూసుకుంటుంది.

"అక్కడికి వొద్దురా," అన్నాడు తవిటయ్య. "ఆల నవాబు నారింజోడు. దీని తల్లీ నారింజే. రెండు నారింజలు కలిపితే నలుపెలా వత్తాది? ఇది ఆడి కూతురు కాదు."

"ఆమెకి తెలీదు గదా బావా."

"నాకు తెలుసు గదరా."

అయినా వెళ్ళారు. షరీఫున్నీసా మిషను ఆపి, పిల్లని చూసి తల అడ్డంగా ఊపింది. "రెండోది వద్దు భాయ్, ఒక్కడితోనే వేగలేకపోతున్నా." ఆ పిల్ల ఆమె గజంటేపుని పట్టుకుని లాగుతోంది. ఆమె కాస్త మెత్తబడింది. "మా నవాబు బిడ్డైతే అది వేరే సంగతి. సొంత మనవరాలిని రోడ్డుమీద పెడతానా? నువ్వు చెప్పు తవిటయ్య భాయ్. రంగుల్లో నువ్వు అబద్ధం ఆడవు."

తవిటయ్య ఖాళీ బుట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఔనంటే తన శాస్త్రం పోతుంది, కాదంటే పిల్ల లారీల మధ్యకి పోతుంది. అర్జునరావు అది చూడలేకపోయాడు.

"నవాబు కూతురే చాచీ. అచ్చం ఆడి రంగే!"

తవిటయ్య ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. ఇంత ఘోరమైన తప్పు ఆయన ముందు ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"నిజమేనా భాయ్?" అంది ఆమె, ఆయన కళ్ళలోకే చూస్తూ.

తవిటయ్య ఆముదం మింగినట్టు మొహం పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "ఆడి కూతురేనమ్మా" అన్నాడు.

పిల్ల ఆమె ఒళ్ళోకి చేరింది. బండి కదిలి, సందు మలుపు తిరిగిందో లేదో వెనక నుంచి మొదలైంది.

"అచ్చం ఆడి రంగేట్రా? కళ్ళున్నాయా నీకు? రేపు ఆవిడ, ఈ నలుపు ఎక్కణ్ణుంచి వచ్చినాదని అడిగితే ఏటి సెప్తావ్?"

"అమ్మమ్మ పోలికంటాను."

"అమ్మమ్మ పోలిక రావాలన్నా నలుపు తల్లిలో ఉండాల్రా ఎదవా! ఇన్నేళ్ళు ఏటి ఇన్నావు నువ్వు?"

పోర్టు గోడ పక్కన రోడ్డంతా ఖాళీగా ఉంది. తవిటయ్య గొంతు సవరించుకుని మొత్తం పాఠం మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఇల్లు వచ్చేలోపు అది పూర్తికాదని అర్జునరావుకి తెలుసు. బండి వేగం తగ్గించి, "ఊఁ, సెప్పు బావా" అన్నాడు.