అమ్మ నుదుటి మీద ఒక్కరోజు

ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చెంగిచెర్ల ఆటో కోసం నడిచే దారిలో పూజ సామాన్ల కొట్టు ఒకటుంది. బతుకమ్మ రోజులు దగ్గరపడితే ఆ కొట్టువాడు పసుపు, కుంకుమ సంచుల మూతులు విప్పి రోడ్డు మీదికే తెచ్చి పెడతాడు. బస్సుల పొగ, జామకాయల మీద చల్లిన కారం, తడిసిన బంతిపూలు, వీటన్నిటినీ దాటుకుని కుంకుమ వాసన ముక్కుకు తగులుతుంది. అందరికీ అది పండుగ వాసన. నాకు మాత్రం భయం వాసన. ఇంత వయసొచ్చినా ఆ కొట్టు ముందు నా నడక వేగమవుతుంది.

నా చిన్నతనమంతా నాచారంలో, ఫ్యాక్టరీల వెనక ఉన్న రేకుల గదుల వరుసలో గడిచింది. జనగామ వైపు నుంచి, నల్గొండ వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్లే అందరూ. వరుస మొత్తానికీ ఒకటే నల్లా, దాని ముందు తెల్లవారకముందే బిందెల బారు. మా నాయన దారం మిల్లులో పనిచేసేవాడు, ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద తెల్లటి నూగు పట్టి ఉండేది. ఎండాకాలంలో పచ్చళ్ల కంపెనీ వైపు నుంచి వెల్లుల్లి, ఆవపిండి ఘాటు గాలితో పాటు వచ్చి మా అన్నంలో కూర్చునేది, వట్టి పచ్చిపులుసుతో తింటున్నా ఆవకాయతో తింటున్నట్టు నటించుకునేవాళ్లం. వానాకాలంలో రేకుల మీద వాన మొదలైందంటే లోపల మనిషి మాట మనిషికి వినపడదు. గోడ పక్కన కూర్చుని కచ్చకాయలు ఆడుకుంటూ, ఏ కంపెనీ సైరన్ ఏదో గొంతు పోల్చుకున్నట్టు పోల్చుకునేవాళ్లం.

మా ఒంటిగదిలో రెండు గోడలకు ఇద్దరు దేవుళ్లుండేవారు. తూర్పు గోడకు నాయన పోచమ్మ పటం, దాని మీద ఎప్పుడూ ఒక ఎండిన వేపరెమ్మ. ఎదురు గోడకు అమ్మ తెచ్చుకున్న యేసు పటం, చంకలో గొర్రెపిల్లతో. వాళ్లిద్దరి మధ్య దండెం మీద మా బట్టలు ఆరేవి. నాయన అమ్మను ఎగతాళి చేసేవాడు, అమ్మ నాయనను సతాయించేది, కానీ ఒకరి పటం మీద దుమ్ము ఇంకొకరు తుడవడం నేను చాలాసార్లు చూశాను.

అమ్మ ఎందుకు అటు వెళ్లిందో చెప్పాలి, ఎందుకంటే బియ్యం బస్తా కోసం మతం మారారనే మాట నా జీవితంలో చాలామంది నా మొహం మీదే అన్నారు. మాకు ఎవరూ ఏ బస్తా ఇవ్వలేదు. నా తర్వాత పుట్టిన తమ్ముడు పాలు తాగే వయసులోనే జ్వరమొచ్చి దవాఖానాలో పోయాడు. అమ్మ తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. కట్టెల కోతమిషను వెనక అద్దె గదిలో నడిచే ప్రార్థన ఇంటి నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. పొయ్యి ముట్టించారు, నాకు తల దువ్వారు, అమ్మ పక్కన కూర్చుని మెల్లగా పాటలు పాడారు, మర్నాడూ వచ్చారు. చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం అమ్మ వాళ్లతో గొంతు కలిపింది. అంతే జరిగింది.

తర్వాత ఏడాదికి బాప్తిస్మం తీసుకుంది. గదుల వరుసలో ఆమె మల్లమ్మ, ఆదివారం ప్రార్థన ఇంట్లో ఎస్తేరమ్మ. ఆ రోజు నుంచి బొట్టు పెట్టుకోలేదు. అది ప్రార్థన ఇంటి పాస్టరు, మా అయ్యగారు పెట్టిన నియమం కాదు, అమ్మ తనకు తాను పెట్టుకున్నది. ఆమె గొంతు కొంచెం బొంగురుగా, నాటు వేసేటప్పుడు పాడే గొంతులా ఉండేది. కంజిర చేతికిచ్చి ఆమెను అందరికంటే ముందు నిలబెట్టేవారు. అమ్మ మొదటి చరణం ఎత్తుకుంటే, కోతమిషను చెక్కపొడి వాసన నిండిన ఆ ఇరుకు గదిలో జనం వెన్ను నిటారు చేసుకుని కూర్చునేవారు. వారమంతా పరాయి ఇళ్లలో అంట్లు తోమే మనిషి ఆ గంటసేపు ఇంకెవరో అయిపోయేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మా వరుసలో చివరి గదిలో సత్యవతి ఆంటీ వాళ్లుండేవారు. కాకినాడ వైపు మనిషి, భర్త కంపెనీలో గుమాస్తా. మా ఇంట్లో మంచినీళ్లు తాగడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది, ఆ సంగతి అమ్మా మరచిపోలేదు, ఆమే మరచిపోలేదు. అయినా శ్రావణమాసంలో పేరంటానికి వరుసలో ఆడవాళ్లందరినీ పిలిచినప్పుడు అమ్మనూ పిలిచేది. కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్కరి నుదుటా బొట్టు పెట్టుకుంటూ వచ్చి, అమ్మ దగ్గరికి రాగానే భరిణె ఎడమచేతిలోకి మార్చి, కుడిచేత్తో నానబెట్టిన సెనగలు దోసిట్లో పోసి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయేది. అడిగిందీ లేదు, అడిగించుకున్నదీ లేదు. క్రిస్మస్‌కు అమ్మ గర్జెలు చేస్తే మొదటి గిన్నె ఆ చివరి గదికే వెళ్లేది. మతసామరస్యం మీద తర్వాత నేను విన్న ఉపన్యాసాలన్నీ ఆ దోసెడు సెనగల ముందు నాకు ఆనలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా గురుకులంలో సీటొచ్చింది. కులం సర్టిఫికెట్ కావాలన్నారు. మతం మారినవాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ రాదని, ఇంటికి ఎంక్వైరీకి వస్తారని మిల్లులో ఎవరో నాయనకు చెప్పారు. మండలాఫీసు నుంచి వచ్చే మనిషిని మావాళ్లు పాత అలవాటు కొద్దీ గిర్దావరు అనేవారు. ఆ మాట విన్న రోజు నుంచి మా గదిలో నవ్వు లేదు. చట్టమంటే ఏమిటో నాకు తెలియదు. మన ఇంటికొచ్చి మన దేవుడెవరని అడిగే మనిషి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంత తప్పుగా ఏమీ అనుకోలేదు.

"ఒక్క దినమే. గిర్దావరు పొయ్యేదాక పెట్టుకో," అన్నాడు నాయన. "బిడ్డ సదువు ఆగమైతది."

"నా దేవునికి ఏం జెప్పాలె?" అంది అమ్మ.

నాయన ఎదురు గోడ మీది యేసు పటం వైపు చూశాడు. "ఆయనకు గూడ తల్లి ఉండె గద," అన్నాడు.

గిర్దావరు వస్తాడన్న రోజు పొద్దున్నే అమ్మ యేసు పటం మేకు మీంచి తీసి, తువాలులో చుట్టి, నా చేతికిచ్చి సత్యవతి ఆంటీ ఇంట్లో ఇచ్చి రమ్మంది. పొయ్యి పొగకు నల్లబడిన గోడ మీద, పటం ఉన్నచోట తెల్లటి నలుచదరం బయటపడింది. మా ఇంట్లో కుంకుమ లేదు, అదీ అడిగి తెమ్మంది. ఆంటీ తువాలు విప్పి చూసింది. భరిణె తీసుకుని నాతోపాటే వచ్చేసింది.

"పటం ఏడ వెట్టినవ్?" అంది అమ్మ.

"ఎక్కడ పెడతాను? దేవుణ్ణి దేవుళ్ల దగ్గరే పెట్టాను. మావాళ్లేమీ అనుకోరులే," అంది ఆంటీ. తర్వాత గొంతు తగ్గించి, "నన్ను పెట్టమంటావా మల్లమ్మా, నువ్వే పెట్టుకుంటావా?" అంది.

"నువ్వే వెట్టమ్మా. నాకు చెయ్యొస్తలేదు."

అన్నేళ్లు అమ్మ దగ్గరికి రాగానే పక్కకు తప్పుకున్న ఆ వేలు అప్పుడు కుంకుమలో మునిగింది. అమ్మ కళ్లు మూసుకుంది. ఆంటీ బొట్టు పెట్టి, కింద రాలిన పొడిని కొంగుతో తుడిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. అమ్మ నాకు ఎవరో కొత్త మనిషిలా కనిపించింది.

గిర్దావరు ఎండ నడినెత్తికొచ్చాక వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, చెమట తుడుచుకుంటూ మంచినీళ్లడిగి తాగాడు. ఏ ఊరు, ఏ పండుగలు చేస్తారు, ఊళ్లో బోనం ఎవరు ఎత్తుతారు అని నాయనను అడిగాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

"ఈడ ఏం ఫొటో ఉండె?"

"పాతగయ్యింది సార్. తీసేసినం," అన్నాడు నాయన.

ఆయన చూపు గోడ మీంచి అమ్మ మీదికి వచ్చి నుదుటి దగ్గర ఆగింది. రేకుల కింద వేడికి కుంకుమ కరిగి, సన్నని ఎర్రటి చారలా ముక్కు మీదికి దిగుతోంది. అమ్మ దాన్ని తుడవలేదు, తల దించలేదు. ఆయన ఏదో రాసుకుని, నా తల మీద చెయ్యి వేసి, "మంచిగ సదువుకో బిడ్డా," అని వెళ్లిపోయాడు. ఆయనకు అంతా తెలిసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. సర్టిఫికెట్ వచ్చింది.

పటం ఆ సాయంత్రమే గోడ మీదికి తిరిగొచ్చింది. అమ్మ కడవలో నీళ్లతో మొహం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. ఆదివారం ప్రార్థన ఇంటికి వెళ్లాం. అమ్మ నేరుగా వెళ్లి వెనక వరుసలో, చెప్పులు విడిచేచోటు పక్కన కూర్చుంది. కంజిర తెచ్చి ఇవ్వబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆరాధన అయ్యాక అయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. విషయం అప్పటికే ఆయనకు తెలిసింది.

"దేవుడు మనసు సూస్తడు ఎస్తేరమ్మా," అన్నారు.

"సూసిండు అయ్యగారు. ఆయన ఏమంటలేడు. నాకే ముంగట నిలవడ బుద్ధయితలేదు," అంది అమ్మ.

మళ్లీ ఎప్పుడూ ముందు నిలబడలేదు. ఎవరూ తప్పుపట్టలేదు, ఎవరూ వెలి వెయ్యలేదు, బతిమాలారు కూడా. వెనక వరుసలో నా పక్కన కూర్చుని, పెదవుల లోపలే పాడుకునేది. కంజిర ఇంకో అమ్మాయి చేతికి వెళ్లింది. సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఈసారైనా లేస్తుందేమోనని చూసేదాన్ని. నా చదువుకు అమ్మ ఏమి ఇచ్చిందని ఎవరైనా అడిగితే, గొంతు ఇచ్చిందని చెబుతాను.

ఆ చదువుతోనే నేను హబ్సిగూడ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో సోషల్ టీచరునయ్యాను. ప్రతి ఏడాదీ ప్రాథమిక హక్కుల పాఠం వస్తుంది. ఎవరికి నచ్చిన మతాన్ని వాళ్లు నమ్మవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు అని నేనే బోర్డు మీద రాస్తాను. మిగతా దేశాల్లో ఎలా ఉంటుంది టీచర్ అని పిల్లలు అడుగుతారు. కొన్ని దేశాల్లో మతం మారితే శిక్ష అని, కొన్నిటిలో బడికి వచ్చే పిల్ల తల మీది గుడ్డ తియ్యమంటారని, కొన్నిటిలో కప్పుకోకపోతే పట్టుకుపోతారని చెబుతాను. ఎక్కడికి వెళ్లినా చట్టం ఆడదాని తల మీదా నుదుటి మీదా ఎందుకు ఆగుతుందో మాత్రం నాకు అర్థం కాదు. మన చట్టంలోనూ ఎస్సీలు క్రైస్తవులైతే ఎస్సీలు కారు. గుడి మారితే ఊరు మనల్ని పిలిచే కులం పేరు మారుతుందా అని ఎవరూ అడగరు. నిజానికి నాయన గానీ నేను గానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఆ రోజు అమ్మ బొట్టు పెట్టుకోకపోయినా సర్టిఫికెట్ వచ్చేదేమో. ఆ మాట చదువుకున్నాక తెలిసింది, అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన చలికాలంలో అమ్మ చెంగిచెర్లలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. ఊరి నుంచి మా మేనత్త ఎల్లమ్మ వచ్చింది. భర్త ఉండగా పోయిన ఆడదానికి చేసే మర్యాద చెయ్యాలని పసుపు, కుంకుమ, పచ్చగాజులు కొంగున కట్టుకుని తెచ్చింది. "ముత్తైదువగ పోయింది మా వదినె," అని ఏడుస్తూనే భరిణె మూత తీసింది. వాకిట్లో మా బడి టీచర్లు, హెడ్మాస్టరు నిలబడి ఉన్నారు. మా చిన్నాన్న కొడుకు నా చెవి దగ్గర, "అక్కా, ఎస్సీ సర్టిఫికెట్ మీదొచ్చిన సర్కారు నౌకరి. పది మంది సూస్తున్నరు. జర సోంచాయించు," అన్నాడు. నాయన గోడకు ఆనుకుని నా వైపే చూస్తున్నాడు.

మేనత్త వేలు అమ్మ నుదుటి దాకా వచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"వద్దత్తా. ఆమె ఒక్కసారి పెట్టుకున్నది, నా కోసం. అది సాలు."

మేనత్త నా మొహం చూసి, నాయన మొహం చూసి, వేలు కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఉత్త అరచెయ్యి అమ్మ నుదుటి మీద ఆనించి కూర్చుంది. అందరూ చూస్తుండగా అమ్మను ఎస్తేరమ్మగానే సమాధుల తోటకు తీసుకెళ్లాం.

ఇప్పుడు నాచారంలో ఆ రేకుల గదులు లేవు, అక్కడ లిఫ్టున్న అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రార్థన ఇల్లున్నచోట టైల్స్ గోడౌను. పచ్చళ్ల కంపెనీ ఎటుపోయిందో, ఆ ఘాటు కూడా లేదు. సత్యవతి ఆంటీ వాళ్లు ఎప్పుడో కాకినాడ వెళ్లిపోయారు. నాయన మా దగ్గరే ఉంటాడు, పటాల మీద దుమ్ము ఇప్పటికీ ఆయనే తుడుస్తాడు. గొర్రెపిల్లతో ఉన్న ఆ పాత పటం మా ముందు గదిలో, తలుపు తియ్యగానే కనబడేచోట ఉంది. బెల్లు ఎవరు కొట్టినా దాన్ని తియ్యం. దాని ముందు నిలబడి మొదటి చరణం ఎత్తుకునే మనిషే లేదు.