ఖితామ్ మార్చమన్న జవాబు

తఫీలా ఊళ్ళో మా పక్కింటి ఖితామ్ మేకపెరుగును గట్టి ఉండలుగా చుట్టి, మేడ మీద ఎండబెట్టి అమ్మేది. మొగుడు పోయాక ఆ సంపాదనతోనే కూతురు శురూక్‌కు నర్సు చదువు చెప్పించింది. శురూక్ సర్కారు ఆసుపత్రి ఉద్యోగానికి పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న రోజుల్లో మా వీధికి సర్వేవాళ్ళు వచ్చారు.

"పేదింటి పిల్లలకీ పెద్దింటి పిల్లలకీ ఈ దేశంలో అవకాశాలు సమానమేనా?" అని అడిగింది సర్వే అమ్మాయి.

"సమానమా! సిఫారసు ఉంటే గాడిద కూడా డైరెక్టరవుతుంది. లేకపోతే నా కూతురిలా ఇంట్లో కూర్చోవాల్సిందే" అనేసింది ఖితామ్.

ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలోని టాబ్లెట్‌లో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వకపోవడమే ఖితామ్‌ను పట్టుకుంది. అన్నం కూడా ముట్టకుండా మా ఇంటికొచ్చింది.

"నోరు జారానే. కూతురి సంగతి కూడా చెప్పేశాను. ఇది పైవాళ్ళ చెవిన పడితే దాని ఉద్యోగం ఏమవుతుంది?"

"పేరడిగారా?" అన్నాను.

"పేరెందుకు? ఇల్లు చూశారుగా!"

నన్ను లాక్కుని బయల్దేరింది. సర్వేవాళ్ళు రొట్టెల దుకాణం దగ్గర దొరికారు.

"అమ్మాయ్, పొద్దున నేనన్నది కొట్టెయ్. అందరూ సమానమే అని రాసుకో."

"ఇందులో మీ పేరే లేదు పిన్నీ."

"లేకపోతే మార్చడానికి నీకేం పోయింది?"

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మార్చే వీల్లేదు పిన్నీ. మీకు ముందు కూడా ఇలాగే కొందరు వచ్చి అడిగారు."

ధైర్యం చెబుదామనే అంది పాపం. ఖితామ్‌కు మాత్రం భయం రెట్టింపయింది. "అందరూ భయపడుతున్నారంటే ఏదో ఉన్నట్టేగా" అంటూ దారంతా గొణుక్కుంది.

తీరా చూస్తే శురూక్‌కు ఉద్యోగం వచ్చింది. వీధి వీధంతా ఖితామ్ ఇంట్లోనే ఉంది. కాఫీ, మిఠాయి పంచుతుంటే ఎదురింటి తగ్రీద్ ఖితామ్ దగ్గరకు జరిగి, "ఎవర్ని పట్టుకున్నావే? నా దగ్గర దాచకు. మావాడూ ఖాళీగానే ఉన్నాడు" అంది.

"ఒట్టు, ఎవర్నీ పట్టుకోలేదు."

"సర్లే, దాచుకో."

ఇంతలో ఖితామ్ బావగారు ముఫ్లెహ్, సైన్యంలో చేసి రిటైరైన మనిషి, మీసం సవరించుకుంటూ, "మన పిల్లల పని మనం చూసుకోమా!" అన్నాడు. గదిలో అందరికీ విషయం అర్థమైపోయింది. శురూక్ మొహం పాలిపోయింది.

"అమ్మా, పెదనాన్న ఇప్పించాడా నాకు?"

ఖితామ్‌కూ అనుమానం తగులుకుంది. కాఫీ కూజా కింద పెట్టి అందరి ముందే అడిగింది.

"ఎవరితో మాట్లాడారు బావగారూ? పేరు చెప్పండి. రేపే వెళ్ళి దణ్ణం పెట్టొస్తాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. "సిఫారసుకని వెళ్ళిన మాట నిజమే" అన్నాడు చివరికి. "గేటు దగ్గరే ఆపేశారు."

శురూక్ ఏడ్చేసింది, సంతోషంతోనే. కానీ మెట్లు దిగుతూ తగ్రీద్ నా చెవిలో అంది: "ఉద్యోగం ఇప్పించిన ఆ పెద్దమనిషి ఎంత పెద్దవాడో చూడు, పేరు కూడా బయటపెట్టనివ్వడం లేదు."

శురూక్ ఇప్పుడు పిల్లల వార్డులో పని చేస్తోంది. తమ పిల్లల ఉద్యోగాలకు ఆ పెద్దమనిషితో ఒక మాట చెప్పించమని జనం ఖితామ్ దగ్గరకు వస్తూనే ఉంటారు. తనకెవరూ తెలియదంటే వాళ్ళకు కోపం, చూద్దామంటే అబద్ధం. కింద తలుపు చప్పుడైతే చాలు, ఆమె ఇంట్లో లేనట్టు మేడ మీదే ఊపిరి బిగబట్టి నిలబడిపోతుంది.