అత్తమ్మ కుంకుమ, మా మిషన్ హోల్డర్

ఆ రోజుల్లో నాకు మెరిసేదల్లా మంచిదే. చెప్పులైనా, చేతిగడియారమైనా, మిల్లింగ్ మిషన్ సామానైనా సరే, అందులో నా ముఖం కనిపిస్తే చాలు, ఒకటో నంబరు సరుకని తీర్మానించేవాడిని. (ఆ ముఖంలో చూడదగ్గది పెద్దగా ఏమీ లేదని మా అత్తమ్మ అప్పుడే అనేది.) ముంబై దగ్గరి మాన్కోలి గోదాముల్లో బస్తాలు మోస్తున్న నన్ను మా మామ నాగావ్‌లోని తన షెడ్డుకు తీసుకొచ్చాడు. ఉన్న మగ్గాలు అమ్మేసి, పాత మిల్లింగ్ మిషన్ ఒకటి కొని, పవర్‌లూమ్ లివర్లకు, అంటే మరమగ్గాల మీటలకు, గాడి కోసే పని మొదలుపెట్టాడాయన. నన్ను దాని ముందు నిలబెట్టి, "ఇగ నువ్వు కారీగర్‌వు" అన్నాడు. పనితనం తెలిసినవాడినైపోయానని నేను నమ్మేశాను.

మిషన్‌లో గాడి కోసే కట్టర్‌ను బిగించి పట్టుకునే చీలికల గొట్టాన్ని కొల్లెట్ అంటారు. ఆ కొల్లెట్‌ను పట్టుకునేది హోల్డర్. ఒకటి పిడికిలి, ఇంకొకటి చెయ్యి అనుకోండి. రెండింటినీ ముంబై బజారులో ఎంచి తెచ్చింది నేనే, తళతళలాడుతుంటే చూసి. తీరా బిగించి నడిపితే కట్టర్ కల్లు తాగినట్టు ఊగేది. గాడి వెడల్పయ్యేది, అందులో కూర్చోవాల్సిన పిన్ను లొడలొడలాడేది. పెద్ద కార్ఖానా సేఠ్ మా లివర్లన్నీ తిప్పి పంపేశాడు. "దసరా పోయినంక గూడ గిట్లనే ఉంటె మిషన్ అమ్మేస్త. నువ్వు మల్ల మాన్కోలికే పో" అన్నాడు మామ. కోపంతో కాదు, దిగులుతో అన్నాడు. అందుకే నాకు నిజంగా భయం వేసింది.

దసరా రోజు అత్తమ్మ నూనెలో కలిపిన కుంకుమతో షెడ్డులో కనిపించిన ప్రతి ఇనుప ముక్కకూ బొట్టు పెట్టింది. విప్పి పెట్టిన కొల్లెట్‌కైతే చుట్టూ పూసేసింది. ("దీనికి నొసలు యాడున్నదో తెలుస్తలేదు" అని.) పండగ బొట్టును తుడిచెయ్యడం మా ఇళ్లల్లో లేదు, దానంతట అది పోవాల్సిందే. మర్నాడు అలాగే బిగించాను. కట్టర్ యథాప్రకారం ఊగింది. మామ విసుగ్గా కొల్లెట్‌ను ఊడదీసి తిప్పి తిప్పి చూశాడు. ఒక పక్క కుంకుమ పూర్తిగా ఒరుసుకుపోయింది, రెండో పక్క పూసింది పూసినట్టే ఉంది.

"ఏందిర, ఈ పక్క హోల్డర్ దీన్ని తాకుతనే లేదు గద," అన్నాడు. "లోపట వంకరున్నది. సక్కటిది దొరికితె మన మిషన్ నిలవడ్తది."

వెంటనే ముంబై బజారుకు బయలుదేరాం, కొల్లెట్, కుంకుమ పొట్లం, నూనె బుడ్డితో సహా. దుకాణంలో మామ కొల్లెట్‌కు కుంకుమ పూసి, ఒక్కో హోల్డర్‌లో బిగించి, విప్పి చూస్తుంటే దుకాణదారు చేతులు జోడించి, "పూజా హోగయీ తో ప్రసాద్ భీ దేనా, భాయ్" అని ప్రసాదం అడిగాడు. కొనడానికొచ్చినవాళ్లంతా నవ్వారు. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. కానీ అతను పొగిడి పొగిడి ఇచ్చిన హోల్డరే ఒక పక్క తాకడం లేదని తేలేసరికి అతను నవ్వాపి, లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు. అది మాడిన మూకుడులా నల్లగా ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. అయితే అందులోంచి తీసిన కొల్లెట్ మీద కుంకుమ చుట్టూ సమంగా ఒరుసుకుపోయింది. (అంటే కొల్లెట్ మంచిదే. నేను ఎంచినవాటిలో ఒకటైనా కుదిరిందన్నమాట.)

"మామా, ఇది సూడ మంచిగ లేదు," అన్నాను మెల్లగా.

"పెండ్లి చేసుకుంటవా ఏంది? కట్టర్‌ను పట్టుకుంటె సాలదా?" అన్నాడు మామ.

ఇంటికొచ్చి కోసిన గాడిలో పిన్ను కదలకుండా కూర్చుంది. సేఠ్ మా లివర్‌ను మగ్గానికి బిగించి, కాసేపు నడిపించి, మిగతావీ పంపమన్నాడు. మామ మిషన్ అమ్మలేదు, నేను మాన్కోలికి పోలేదు. ఆ తర్వాత చాన్నాళ్లు సేఠ్ కార్ఖానా మీదుగా చుట్టుదారిన ఇంటికి పోయేవాడిని. కిటికీ దగ్గర ఆగి, అన్ని మగ్గాల మోతలోనూ మా లివర్ చప్పుడు వేరుగా వినిపిస్తోందని మురిసిపోయేవాడిని. అలా వినిపించడం అయ్యే పని కాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా అప్పటి నేను, ఆ కిటికీ దగ్గరి కుర్రాడు, ఎదురైతే ఆ మాట చెప్పను. పక్కన నిలబడి నేనూ వింటాను.