వంటింటి వాకర్

బెజవాడ సత్యనారాయణపురంలో నాగవల్లి టీచరు ఇల్లెక్కడని అడిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు వెంటబెట్టుకొచ్చి చూపిస్తారు. ఆ వీధుల్లో చాలామందికి ఆవిడ లెక్కలు చెప్పింది. బడికి వెళ్లే రోజుల్లో కూడా వంట ముగించి, గట్టు తుడిచాకే చీర మార్చుకునేది. రిటైరయ్యాక వంటిల్లు పూర్తిగా ఆవిడదే. బ్యాంకులో పనిచేసే కోడలు సంయుక్త మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే పక్క సీట్లవాళ్లు కూడా ఇటు తిరుగుతారు.

ఎండాకాలంలో నాగవల్లి పెరటి కుళాయి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు వాకర్ లేకుండా అడుగు వేయొద్దన్నాడు. నడక నేర్పడానికి మరియదాసు అనే ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చేవాడు.

"దీన్ని మూడో కాలనుకోండి మామ్మగారూ," అన్నాడు మొదటిరోజు.

"మూడో కాలేంటయ్యా. దీనికి నాలుగున్నాయి, నావి రెండు. మొత్తం ఆరు. బొద్దింక లెక్క."

అతను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది గానీ, అతను వెళ్లగానే వాకర్‌ను మంచం పక్కకు నెట్టేసింది. బాత్రూమ్‌కి దాన్ని పట్టుకునే వెళ్లేది. వంటింటికి మాత్రం గోడ పట్టుకుని నడిచేది. ఎందుకని అడిగితే రోజుకో కారణం. చప్పుడు చేస్తుందనేది. నాపరాళ్లు గీసుకుపోతాయనేది. ఎవరైనా వస్తే ముసలిదైపోయిందనుకుంటారనేది.

"అనుకునేదేముందమ్మా, ఎనభై దగ్గరపడుతుంటే," అన్నాడు కొడుకు దత్తాత్రేయ.

"నువ్వు మాత్రం కుర్రాడివా?"

ఒకరోజు ఫ్రిజ్ దగ్గర తూలి, తలుపు పట్టుకుని ఆగింది. దత్తాత్రేయ ఆ క్షణంలో అక్కడే ఉన్నాడు. ఆవిడను మంచం దాకా నడిపించుకొచ్చాడు. సాయంత్రం తన నిర్ణయం చెప్పాడు.

"సోమవారం నుంచి వంటకి సుబ్బరత్నాన్ని మాట్లాడాను. వాకర్ పట్టుకోనంటే నువ్వు వంటింట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు."

నాగవల్లి ఆ రాత్రి ఒకే ముద్ద తిని లేచింది.

శనివారం బ్యాంకుకు సెలవు. సంయుక్త కూరలు కొనుక్కుని మార్కెట్ నుంచి వచ్చేసరికి వంటింట్లో గిన్నె చప్పుడైంది. గడప బయట వాకర్ ఉంది. లోపల నాగవల్లి ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో పప్పు కలుపుతోంది. కొడుకు మాటకు అత్తగారు దిగొచ్చినట్టే ఉంది, కానీ గడప దాకానే. వాకర్ పక్కన, వరసలో, ఆవిడ బాత్రూమ్ చెప్పులు కూడా ఉన్నాయి.

సంయుక్త చూపు ఆ వరస మీద పడింది.

"అత్తయ్యా, ఇది బాత్రూమ్‌లోకి వెళ్తుందనా, లోపలికి తేనిది?"

నాగవల్లి గరిటె ఆపింది. తిరిగి చూడలేదు.

"చెప్పొచ్చుగా. ఇన్నాళ్లూ మీ అబ్బాయితో చీవాట్లు తిన్నారు."

"ఏమని చెప్పను? నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో, ఆఫీసుకెళ్లే పిల్లకి మడేంటని నేనే అన్నీ ఎత్తేశాను. మా వదినల ముందు గొప్పలు కూడా పోయాను. ఇప్పుడు ఈ ఇనప్పుల్లలకి మడి కట్టమంటే నవ్వరూ?"

"నవ్వుతారు."

"మడి మానేశాను గానీ, బాత్రూమ్ బాత్రూమేగా అమ్మాయ్."

సంయుక్తకు నవ్వొచ్చింది. కూరల సంచీ కింద పెట్టి, అత్తగారిని కుర్చీలో కూచోబెట్టి, మళ్లీ బండి తాళం తీసుకుంది. ఏలూరు రోడ్డులోని సర్జికల్ షాపులో అదే ఎత్తుది ఇంకో వాకర్ కొంది.

"మనిషికి రెండు వాకర్లా?" అన్నాడు దత్తాత్రేయ.

"మీకు ఎన్ని జతల చెప్పులున్నాయి?"

అతను కవరు విప్పాడు. నాగవల్లి కొత్త వాకర్ కాళ్లను పసుపునీళ్లతో తుడవమంది. తుడిచాడు.

ఒక వాకర్ వదిలి రెండోది అందుకునేటప్పుడు పడిపోతే అసలుకే మోసం కదా. అందుకని ఆదివారం మరియదాసును పిలిచారు. అతను గడపకు ఇటొకటి, అటొకటి ఎదురెదురుగా నిలబెట్టాడు. ఒక చెయ్యి దీనిమీద, ఒక చెయ్యి దానిమీద, మంచి కాలు ముందు.

"బెజవాడ జంక్షన్లో బండి మారినట్టుందయ్యా," అంది నాగవల్లి, అటువైపు చేరాక.

"లగేజీ లేకుండా మారండి. చేతిలో గిన్నెలవీ వద్దు."

సోమవారం సుబ్బరత్నం వచ్చేసరికి అన్నం వార్చడం కూడా అయిపోయింది. నాగవల్లి వాకర్ మధ్యలో నిలబడి పోపు వేస్తోంది. ఇంగువ వాసన వీధిగుమ్మం దాకా వచ్చింది. దత్తాత్రేయ హాల్లో పేపర్ ముందు పెట్టుకుని వంటింటివైపే చూస్తున్నాడు. లేచి వెళ్లలేదు.

సుబ్బరత్నం కొంగు దోపుకుని, గుమ్మంలోనే ఆగింది.

"అంతా మీరే చేసేసుకుంటున్నారుగా టీచరుగారూ. ఇంక నేనెందుకు, వెళ్లిపోనా?"

నాగవల్లి పొయ్యి తగ్గించింది. పప్పు వైపు, వాకర్ వైపు, తన చేతుల వైపు చూసుకుంది. సంయుక్త క్యారేజీ గిన్నెలు సర్దడం ఆపింది.

"ఎక్కడికెళ్తావ్," అంది నాగవల్లి. "వాకర్ మీంచి రెండు చేతులూ తీసి నేను కూర తరగలేను. అన్నం గిన్నె దించడానికి అమ్మాయిని పిలవాల్సొచ్చింది. నువ్వు తరుగు, నువ్వు దించు. ఉప్పూ కారం నేను చూసుకుంటాను."

"అట్నేనండీ."

"వంకాయలు నీళ్లల్లో వెయ్యి. నల్లబడనిచ్చావంటే ఊరుకోను."