పేరు పడని చావువార్త

నిన్న అశోక్‌నగర్ హాస్టల్ నుంచి ఒక అమ్మాయి నోట్‌బుక్కూ ఫోనూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లల్లేని మా పెద్దనాన్న పోతూ పోతూ తన చిక్కడపల్లి ఇంటిని యూనివర్సిటీకి రాసిచ్చి పెట్టించిన స్కాలర్‌షిప్ ఈ ఏడు ఆ పిల్లకు వచ్చింది. జీవితచరిత్ర రాయాలి. షరతు ఒక్కటే, చనిపోయినప్పుడు పేపర్లో పేరు పడని మనిషిదై ఉండాలి. ఆ పిల్ల మా పెద్దమ్మనే ఎంచుకుంది.

ఆ షరతు వెనక ఒక తప్పుంది. పెద్దనాన్న పేపర్ ఆఫీసులో ముప్పయ్యేళ్ళు చావువార్తలు రాశాడు. పెద్దమనుషులెవరైనా మంచాన పడ్డారని తెలిస్తే చాలు, ముందే రాసి సొరుగులో పెట్టేవాడు. తీరా వాళ్ళు కోలుకుని ఏ సభలోనో ఎదురైతే మొహం చాటేసేవాడు, పాపం. పోయింది మగవాడైతే పేరు, ఆడదైతే "ఫలానావారి సతీమణి". అది డెస్కు అలవాటు. పెద్దమ్మ పోయిన రోజు కూడా ఆయనే గోడవారన కూర్చుని నాలుగు లైన్లు రాసి పంపాడు. మర్నాడు నారాయణగూడ చౌరస్తాలో పేపర్ కొని నిలబడే చదివాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన పేరు రెండుసార్లు పడింది. ఆవిడ పేరు లేదు. ఆవిడ పేరు అండాళు.

"ఎంత పని జేస్తి నేను, బిడ్డా!" అని పేపర్ మడిచి నా చేతిలో పెట్టాడు. సవరణ వేయమని ఆఫీసుకు పోతే, "చావువార్తకు సవరణ ఏంది అన్నా, పరేషాన్ గాకు, జర ఇంటికి పో" అన్నారట. ఆ తర్వాత ఆయన రాసింది వీలునామా ఒక్కటే.

పన్నెండేళ్ళు ఆ ఇంట్లో తిని చదువుకున్నదాన్ని, నాకేం, నోరు తెరిస్తే ఆగుతానా! మిరియాల చారు లేనిదే పెద్దనాన్నకు ముద్ద దిగదనీ, ఎప్పుడొచ్చినా వేడన్నమే వడ్డించేదనీ మొదలుపెట్టాను.

"సార్ ముచ్చట కాదు మేడం. ఆమెకేమిష్టముండె?"

వంకాయ కూర? అది ఆయనకిష్టం. నీలం చీరలు? ఆయన తెచ్చేవాడు. పుట్టిల్లు అంబర్‌పేట్. ఎంతవరకు చదివిందో, దేనికైనా ఏడ్చిందో నాకు తెలియదు. ఉల్లిగడ్డలు తరుగుతూ ఏదో కూనిరాగం తీసేది. ఏ పాటో అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆమెను ఎరిగినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరమ్మా. నేనే ఆఖరు."

అమ్మాయి ఫోన్‌లో రికార్డింగ్ ఆపింది. "ఎట్ల మేడం మరి? గిట్లయితే వేరేటోళ్ళ మీద రాయుమంటరు." నోట్‌బుక్‌లో పేరొక్కటే రాసుంది. ఆ కాగితం చింపలేదు గాని, మూసి సంచిలో పెట్టుకుని, నమస్తే చెప్పి మెట్లు దిగిపోయింది.

వంటింటి గడప మీద కూర్చుని ఒక్క సాయంత్రం అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే ఆవిడ చెప్పే రోజుల్లో నాకెప్పుడూ ఏదో ఒక పరీక్ష ఉండేది.