లెక్కకు ఒక మనిషి ఎక్కువ

ఈ సంగతి రాసి పెట్టమని అడిగింది రాజన్న భార్య లక్ష్మి. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు తన మనిషి ఏం మాట్లాడాడో ఆమెకు తెలియాలట. రాజన్నను అడిగితే అతనికి ఒక్క ముక్క గుర్తు లేదు. అతనితో కలిసి పనిచేసిన మా రూమ్‌ వాళ్ళను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. వారం వారం కథ పెరుగుతోంది. ఇంకా పెరగకముందే, నేను చూసింది చూసినంత వరకు కాగితం మీద పెడుతున్నాను.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. పదో తరగతితో చదువు ఆగినా, మా మండలం గ్రంథాలయంలో తెలుగు బీరువాలన్నీ చదివేశాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువా మొదలుపెట్టాను. ఆత్మల గురించి రాసిన పుస్తకాలు కూడా చదివాను. వాటిలో రుజువు కనపడలేదు, తిరిగి ఇచ్చేశాను.

మేం కూలికి వచ్చిన ఈ అరబ్బు దేశంలో, మా బిల్డింగ్ సైట్ అల్ సువైక్ అనే ఊరి దగ్గర. ఎండాకాలం మధ్యాహ్నం పూట బయట పని ఆపాలని ఇక్కడి రూలు. ఆ సమయంలో అందరూ షెడ్డులో నడుం వాలుస్తారు. నేను చదువుకుంటాను. ఒకసారి పాత సైట్ ఆఫీసు ఖాళీ చేస్తుంటే సన్నటి పుస్తకం ఒకటి దొరికింది. ఎప్పుడో వెళ్ళిపోయిన జర్మన్ ఇంజనీరు వదిలేసింది. ఒక పేజీ జర్మన్, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆయన సొంత ఊరి చరిత్ర అది. వాగు, పిండిమర, చర్చి, చుట్టూ గోడ ఉన్న చిన్న ఊరు. ఏ కాలంలో ఎన్ని ఇళ్ళు, ఎంత జనం, యుద్ధానికి ఎంత తగ్గారు, రైలు వచ్చాక ఎంత పెరిగారు, అన్నీ రాసి ఉన్నాయి.

రోజూ కొంత తెలుగులో చెప్పేవాణ్ణి. పాదిరి అని ఉన్నచోట పూజారి అనేవాణ్ణి. మావాళ్ళు బాగానే వినేవారు. మేం కూడా మగవాళ్ళు సగం మంది బయటి దేశాల్లోనే ఉండే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే.

"ఏం మల్లేశన్నా, నీ జర్మనీల ఇయ్యాల ఎంతమంది సచ్చిండ్రు?" అనేవాడు గంగారాం.

"ఆగురా, ఇయ్యాల రైలొస్తది."

"అయితె మనకు గూడ ఓ టికెట్ తియ్యి!"

రాజన్న మాత్రం నవ్వకుండా వినేవాడు. అతనికి సంతకం తప్ప చదువు లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పుస్తకం నడుమ కొన్ని పేజీలు ఏసీ నీళ్ళు కారి అట్టలా అంటుకుపోయాయి. నాకు చదవడం చేతకాలేదని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. యుద్ధం అయిపోగానే రైలు వచ్చినట్టు చెప్పి దాటేశాను. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

జూలైలో రాజన్నకు జ్వరం మెదడుకు ఎక్కింది. స్పృహ వచ్చాక కూడా మనుషుల్ని గుర్తుపట్టలేదు. వార్డులో సువార్త గారని భీమవరం వైపు నర్సు ఉండేవారు. రోజూ ఉదయం డ్యూటీ ఎక్కగానే, "మీ పేరేంటండీ? ఏ ఊరండీ మీది?" అని అడిగేవారు. అతను గోడ వైపు చూసేవాడు. పేరు, ఊరు చెప్పగలిగేదాకా విమానం ఎక్కించడం కుదరదన్నారు డాక్టరు. ఫోన్‌లో లక్ష్మి ముఖం చూపించాం. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

శుక్రవారం నేను వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"రోగమచ్చి ఊరంత పాయె. మిగిలినోళ్ళను చర్చి ముంగట నిలవెట్టి పూజారి లెక్క వెడుతుండు. పేర్లకంటె ఒగ మనిషి ఎక్కువస్తుండు. మళ్ళ లెక్కవెట్టిండు. మళ్ళ గట్లనే. లెక్క తెగేదాంక ఎవ్వలను పోనిస్తలేడు."

"మీరే కదండీ ఆ కథలన్నీ ఎక్కించింది. మీరే దింపండి మరి," అని సువార్త గారు చురక వేశారు.

నిజమే అనుకున్నాను. రూమ్‌కు వచ్చి పుస్తకం తీశాక గుర్తొచ్చింది. రోగం సంగతి నేను చెప్పనే లేదు. నేను చదివిన పేజీల్లో ఎక్కడా లేదు.

మర్నాడు సెలవడిగి పుస్తకం తీసుకెళ్ళాను. సువార్త గారు కెటిల్ ఆవిరి పట్టించి, బ్లేడుతో ఒక్కో పేజీ విడదీశారు. అక్కడక్కడ అక్షరాలు ఊడిపోయాయి, మిగతావి చదవగలిగాను. యుద్ధం తర్వాత మహమ్మారి వచ్చింది. పాదిరి బతికినవాళ్ళను చర్చి ముందు లెక్కపెట్టాడు. రాసుకున్న పేర్ల కంటే తల ఒకటి ఎక్కువ వచ్చింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి, ఒక్కొక్కరే ముందుకొచ్చి ఇంటిపేరు, తండ్రి పేరు చెప్పి తమ ఇంటికి పోవాలన్నాడు. అప్పుడు లెక్క సరిపోయింది. ఎక్కువైన మనిషి ఎవరో రాయలేదు.

నాకు భయం వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు. మంచం పక్కన కూర్చుని, షెడ్డులో చెప్పినట్టే తెలుగులో చెప్పాను. రాజన్న చివరిదాకా విన్నాడు.

"ఇంటిపేరు జెప్పాల్నా?"

"జెప్పాలె. నాయిన పేరు గూడ."

అతను లేచి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఎదురుగా ఎవరో హాజరు తీసుకుంటున్నట్టు గట్టిగా చెప్పాడు. "గుండేటోళ్ళం. మా నాయిన నర్సయ్య." వెంటనే పడుకుని నిద్రపోయాడు.

మరుసటి ఉదయం సువార్త గారు అడగగానే తన పేరు చెప్పాడు, జగిత్యాల పక్కన తన ఊరు చెప్పాడు. "మా లక్ష్మికి ఫోన్ కలుపుతవా, సిస్టరమ్మా?" అన్నాడట. నెలలోపల ఇల్లు చేరాడు.

జ్వరం తగ్గింది, మతి కుదురుకుంది, అంతే అన్నారు డాక్టరు. ఆ మాట నేను కాదనను. కానీ ఆ ఇంజనీరు వెళ్ళిపోయాకే రాజన్న ఈ దేశం వచ్చాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఆ పేజీలు మేము విడదీసేదాకా మూసే ఉన్నాయి. ఇది ఎలా జరిగిందో చాలా ఆలోచించాను. నాకు జవాబు దొరకలేదు.

పేజీలు విడదీసిన సువార్త గారికి, సెలవిచ్చిన ఫోర్‌మన్ బషీర్ భాయికి, ఆ రోజు నా పని కూడా తన మీద వేసుకున్న గంగారాంకు, ఇది రాయించిన లక్ష్మి చెల్లెకు, తన పేరు రాయడానికి ఒప్పుకున్న రాజన్నకు నా కృతజ్ఞతలు. రెండుసార్లు తప్పినా విసుక్కోకుండా మూడోసారి లెక్కపెట్టిన ఆ పాదిరికి కూడా. ఆయన పేరున్న చోట అక్షరాలు కాగితంతో పాటే ఊడిపోయాయి.