గాలికీ ముద్దకూ ఒకే దారి

మా ఆయనకు పక్షవాతం వచ్చిన తరువాత ముద్దముద్దకూ పొలమారేది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం పోయింది. అవి కంటికి కనిపించే నష్టాలు కాబట్టి వాటి గురించే దిగులుపడ్డాం. దగ్గును ఎవరమూ పట్టించుకోలేదు. మాది పిడుగురాళ్ల దాటి గురజాల వైపు వెళ్ళే దారిలో ఊరు. సున్నపు బట్టీల దుమ్ము పడని ఇల్లు లేదు, దగ్గని మనిషీ లేడు.

పొలమారితే ఏం చేయాలో మా వైపు పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. తల పైకెత్తాలి, మాడు మీద తట్టాలి, గుక్కెడు నీళ్ళు పట్టాలి, ఎవరో తలుచుకుంటున్నారు అనాలి. మేమూ అదే చేశాం. నేను తల ఎత్తి తడితే కోడలు నీళ్ళు పట్టేది. చూడవచ్చినవాళ్ళు తలుచుకునేవాళ్ళు ఎవరో చెప్పి పోయేవాళ్ళు.

"వినుకొండలో మీ ఆడబిడ్డే అయ్యుంటది వదినా. అన్నంటే ప్రాణం గదా ఆమెకు," అంది పక్కింటావిడ.

"అన్నిసార్లు తలుచుకునే మనిషి ఒక్కసారి బస్సెక్కి రావచ్చుగా," అన్నాను.

జ్వరం వచ్చి తగ్గేది. మళ్ళీ వచ్చేది. ఒకనాడు ఆయాసం ఎక్కువై పెదవులు నల్లబడితే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే ఫిలిం తీయించి, దాన్ని వెలుతురుకు పెట్టి చూపించాడు.

"అమ్మా, ఈయన తిన్నది కొంత పొట్టలోకి పోతోంది, కొంత ఊపిరితిత్తుల్లోకి పోతోంది. గొంతులో గాలిగొట్టానికి ఒక మూత ఉంటుంది. మింగేటప్పుడు అది సరిగా పడటం లేదు. దగ్గొస్తే మీరేం చేస్తున్నారు?"

చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. తల పైకెత్తితే ఆ గొట్టం ఇంకా తెరుచుకుంటుందనీ, అన్నిటికంటే తొందరగా అందులోకి జారేది నీళ్ళేననీ నెమ్మదిగా చెప్పాడు. నా వెనకాల కోడలు ఏడవడం వినిపించింది. ఏడ్చి ఏం లాభం, ఊరుకోమన్నాను. మా అత్త చేసింది అదే, ఆమె అత్త చేసింది అదే.

ముక్కులోంచి పొట్టలోకి సన్నని పైపు వేశారు. కొంచెం బలం వచ్చాక నోటితో పెట్టి చూద్దామన్నాడు డాక్టరు. అప్పుడూ ఊపిరితిత్తుల్లోకే పోతుంటే పొట్టకు రంధ్రం చేసి అందులోంచే ఆహారం పోయాలి, నోటికి ఇక ఏమీ ఉండదు. ఇంకొకసారి ఊపిరితిత్తులు చెడితే ఈ వయసులో మనిషి దక్కడం కష్టం. ఇదంతా మంచం పక్కనే నిలబడి చెప్పాడు. మా ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తిండి విషయంలో నా మాట నెగ్గనివ్వని మనిషి ఆయన. గోంగూరలో కారం తగ్గితే కంచం ముందు కూర్చుని ఏమీ అనకుండా నా వైపు చూసేవాడు, నేనే లేచేదాన్ని. అలాంటి మనిషి, ఇంటికి వచ్చాక పైపులో జావ పోస్తుంటే కళ్ళు మూసుకునేవాడు. నేనూ అటు చూసేదాన్ని కాదు.

మా పెద్దబ్బాయి కూతురు నరసరావుపేటలో డిగ్రీ చదువుతుంది, జీవశాస్త్రం. సెలవులకు వచ్చి ఫోనులో గొంతు బొమ్మ చూపించింది. ముందు గాలిగొట్టం, వెనక అన్నం గొట్టం. ముక్కు పైన ఉంది, నోరు కింద ఉంది. ముక్కులోంచి వచ్చిన గాలి ముందుకు పోవాలి, నోట్లోంచి వచ్చిన ముద్ద వెనక్కి పోవాలి. రెండూ మెడలో ఒకదాన్నొకటి దాటాలి. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, అయినా ఆ బొమ్మ అర్థమైంది. అర్థమయ్యేకొద్దీ కోపం వచ్చింది.

"ఇది ఎవుడన్నా చేసే పనేనా? రెండు గొట్టాలు రెండు దారుల్లో పెడితే ఏం పోయింది?" అన్నాను.

"ఎవరూ కూర్చుని చెయ్యలేదు నాయనమ్మా. నీళ్ళలో గాలి చాలనప్పుడు పాతకాలం చేపలు పైకొచ్చి గాలిని గుటకేసేయి. ఆ మింగే గొట్టానికే ఒక తిత్తి మొలిచింది. మన ఊపిరితిత్తి దాన్నుంచి వచ్చిందే. అందుకే దారి అక్కడ కలిసిపోయింది."

"మీ తాతకు జబ్బు చేస్తే చేపల కత చెప్తన్నావేంది?"

అన్నానే గానీ గాలి మింగే చేపను నేను చూడకపోలేదు. సాగర్ కాలువ కట్టేసిన ఎండాకాలం, మిగిలిన మడుగుల్లో కొరమీనులు పైకి వచ్చి నోరు తెరిచి గుటకేసి పోతాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

అమ్మాయి ఊరుకోలేదు. చోటు చాలక అడ్డంగా మొలిచే జ్ఞానదంతాలు, తోక లేకపోయినా వెన్ను కింద మిగిలిన తోకెముక, అన్నీ చెప్పింది. "చెవుల చుట్టూ కండలు కూడా ఉంటయి. గొడ్లకైతే చెవి తిప్పను పనికొస్తయి. మనకు దండగ," అంది.

మంచం మీద చిన్న మూలుగు వినిపించింది. తిరిగి చూస్తే మా ఆయన చెవి ఆడించాడు. వయసులో ఉన్నప్పుడు పిల్లలను నవ్వించడానికి ఎద్దులా చెవులు ఆడించేవాడు. జబ్బు చేశాక ఆడించగా చూడలేదు.

"దండగన్నావు గదే. సమాధానం చెప్పు మీ తాతకు," అన్నాను. అందరం నవ్వాం. పైపు ఉన్న ముక్కుతో ఆయన కూడా.

మా వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే సాయిబుల అబ్బాయి పరామర్శకు వచ్చాడు. అమ్మాయి అతనికీ బొమ్మ చూపించింది.

"డీజిలూ గాలీ ఒకే పైపులో పొయ్యే బండి అమ్ముతానంటే నేనైతే కొనను పిన్నీ," అన్నాడు. వెంటనే చెంపలు వేసుకున్నాడు. "పైవాడు చేసిన బండి. మనం అనకూడదు. ఆయన లెక్క ఆయనకుంటది."

అతను పోయాక ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. లెక్క ఉంటే ఏమిటది? మా ఇంట్లో పాత చీర పారేసేది లేదు. చిరిగినవన్నీ పరిచి బొంత కుడతాను. కుట్టిన బొంతలో ఒకచోట జరీ అంచు నడుమకు వస్తుంది, ఒకచోట రవికె చేతి మడత అలాగే ఉండిపోతుంది. బొంతకు వాటితో పని లేదు. చీరగా, రవికెగా ఉన్న నాటి గుర్తులు అవి. కొత్త బట్ట తాను తెచ్చి కత్తిరించినవాడు అంచును నడుమ పెట్టడు. మనిషి ఒళ్ళు నాకు బొంతలాగే కనిపించింది, ఉన్నదానితో సరిపెట్టిన పని. అమ్మాయి చెప్పింది అక్కడివరకూ ఒప్పుకున్నాను.

కుట్టిన చెయ్యే లేదంటే మాత్రం ఒప్పుకోలేకపోయాను. దేవుడు నాలాగా పొదుపరి అయితే కావచ్చు. కానీ నేను కుట్టిన బొంతలో సూది మరిచిపోతే, అది కప్పుకున్నవాడికి గుచ్చుకుంటే, తప్పు నాదే అంటారు. మరి ఆ దేవుణ్ణి ఏమనాలి? ఆ రోజుల్లో సాయంత్రం పటం ముందు దీపం పెట్టాను గానీ ఏమీ అడగలేదు. అడగాలనిపించలేదు.

డాక్టరు రమ్మన్న రోజున బియ్యం, జొన్నపిండి కలిపి చిక్కగా జావ కాచి, క్యారియర్‌లో పోసుకుని తీసుకుపోయాం. ఆసుపత్రి వాళ్ళు చిక్కదనానికి షాపులో పొడి కొనమన్నారు. జావ గరిటెలోంచి నీళ్ళలా జారకుండా ఉంటే చాలు గదా అని అడిగితే, డాక్టరు చెంచాతో ఎత్తి చూసి, చాలన్నాడు. పైపు తీశారు. ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టారు. నర్సు పెట్టబోతే ఆయన నోరు తెరవలేదు.

"మీరే పెట్టండమ్మా," అన్నాడు డాక్టరు. "గడ్డం రొమ్ముకు ఆనించి మింగాలి. మింగాక ఒక మాట అనిపించండి. గొంతులో నీళ్ళున్నట్టు గరగరమంటే పైపు మళ్ళీ వేస్తాం."

స్టెతస్కోపు ఆయన మెడకు ఆనించి నిలబడ్డాడు. అమ్మాయి మంచం కమ్మీ పట్టుకుని ఉంది. చెంచా అంచు పెదవికి తగిలించాను.

"ఏమయ్యా, తల దించు. పైకి చూడమాక."

దించాడు. జావ నోట్లో పోశాను. చానాసేపు నోట్లోనే ఉంది. తరువాత గొంతుముడి పైకి లేచింది, ఆగింది, కిందికి దిగింది. దగ్గు రాలేదు. వస్తుందేమోనని నలుగురం అలాగే ఉన్నాం.

"ఒక మాట అను," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. పెదవులు ఒక పక్కకే కదిలాయి.

"ఉప్పేదే?"

మాట ముద్దగా వచ్చినా గొంతు పొడిగా ఉంది. గరగర లేదు. డాక్టరు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి తల ఊపాడు. అమ్మాయి ముఖం కొంగులో పెట్టుకున్నట్టు చున్నీలో పెట్టుకుంది.

"బీపీకి నీకు ఉప్పు తగ్గించమన్నారు. తల దించు," అన్నాను.

దించాడు. రెండో చెంచా పెట్టాను.